సత్వా మెస్ పుస్తకంలో బడ్జెట్ గీత

(రేడియో ప్రసంగ పాఠం)

  ఈ వారం నేను ఎంచుకున్న విషయం పేరు చెబితే కొందరు రేడియో కట్టేస్తారేమోనని చిన్న అనుమానం. వినియోగదారుని బడ్జెట్ రేఖ, ఉదాసీనతా వక్రరేఖలు. డిగ్రీలో ఎకనామిక్స్ చదివినవారికి ఈ మాటలు వింటే పరీక్ష హాలే గుర్తుకొస్తుంది. భయపడకండి, నేను చెప్పబోయేది పాఠం కాదు, చరిత్ర. దుబాయిలో సత్వా అనే పేటలో మనవాళ్ళు నడుపుకున్న మెస్సుల చరిత్ర.

నేను 1998 నుంచి 2009 దాకా సత్వాలో ఉన్నాను. మాది కరీంనగర్ వైపు. తెలుగు మీడియంలో బీకాం చదివి, ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాసే పనికి వెళ్ళాను. లెక్కలు వచ్చినవాణ్ణని విల్లాలో మెస్ పుస్తకం కూడా నా చేతికే ఇచ్చారు. బియ్యం ఎంత, నూనె ఎంత, గ్యాస్ ఎంత, ఎవరి వాటా ఎంత, ఎవరు ఎంత బాకీ, అన్నీ అందులో రాసేవాణ్ణి. ఆ పుస్తకాలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. వాటిని తిరగేస్తుంటే, మా కాలేజీ పుస్తకంలో బొమ్మలుగా చూసిన గీతలన్నీ మనుషుల జీవితాలుగా కనబడతాయి.

ముందు సత్వా గురించి రెండు మాటలు. షేక్ జాయెద్ రోడ్డుకూ, సముద్రం ఒడ్డున ఉన్న జుమేరాకూ మధ్య ఉన్న పాత పేట ఇది. ఒకవైపు ఆకాశాన్నంటే భవనాలు, వాటి నీడలో ఒక్క అంతస్తు పాత ఇళ్ళు. దర్జీల దుకాణాలు, బట్టల కొట్లు, మొక్కలమ్మే వీధి, కార్లకు సీటు కవర్లు కుట్టేవాళ్ళు. 1978 నుంచి నడుస్తున్న రావి అనే పాకిస్తానీ హోటల్ ముందు రాత్రి ఎంత పొద్దుపోయినా జనమే. దియాఫా వీధి అని మేము పిలిచిన పెద్ద రోడ్డుకు ఇప్పుడు 2 డిసెంబర్ వీధి అని పేరు. ఆ పాత ఇళ్ళలో ఒక్కో గదిలో నలుగురు, ఆరుగురు, కొన్నిచోట్ల ఎనిమిదిమంది. దాన్నే బెడ్ స్పేస్ అంటారు. ఫిలిప్పీనోలు, పాకిస్తానీలు, మలయాళీలు, వాళ్ళ మధ్యలో మన కరీంనగర్, నిజామాబాద్, గోదావరి, కడప జిల్లాలవాళ్ళు.

ఇక అసలు విషయానికి వద్దాం. బడ్జెట్ రేఖ అంటే ఏమిటి? చేతిలో ఉన్న డబ్బుతో, ఉన్న ధరలకు, గరిష్ఠంగా ఏమేం కొనగలమో చూపించే గీత. గీతకు లోపల ఉన్నదంతా మనకు అందేది, బయట ఉన్నది అందనిది. ఉదాసీనతా వక్రరేఖ అంటే మన ఇష్టాల గీత. రెండు కోళ్ళూ పది కిలోల బియ్యమూ ఉన్నా, మూడు కోళ్ళూ ఎనిమిది కిలోల బియ్యమూ ఉన్నా నాకు ఒకటే అనుకుంటే, ఆ రెండూ ఒకే గీత మీద ఉన్నట్టు. జీతం, ధరలు కలిసి మొదటి గీతను గీస్తాయి. రెండోది మనసు గీస్తుంది. మనిషి చివరికి కొనేది ఈ రెండూ ఒకదాన్నొకటి తాకే చోట.

మెస్ పుస్తకంలో కనబడేది ఆ తాకిన చోటు మాత్రమే. ఏం కొన్నారో ఉంటుంది. ఏం కొనాలనుకున్నారో ఉండదు. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, ఇవాళ్టి ప్రసంగానికి ఇదే ఆయువుపట్టు.

ఇంటి ఖర్చుల పుస్తకాలను శాస్త్రంగా చదవడం కొత్తేమీ కాదు. 1857లో ఎర్నెస్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త (మార్క్స్ మిత్రుడు ఎంగెల్స్ వేరు, ఈయన వేరు) బెల్జియం కార్మిక కుటుంబాల ఖర్చులు పరిశీలించి, ఇల్లు ఎంత పేదదైతే ఆదాయంలో అంత పెద్ద భాగం తిండికే పోతుందని చూపించాడు. 1881లో ఎడ్జ్‌వర్త్ ఉదాసీనతా రేఖలు గీశాడు. ధర పెరిగినప్పుడు మన మీద పడే దెబ్బ ఒకటి కాదు రెండని 1915లో రష్యన్ పండితుడు స్లట్‌స్కీ రాశాడు, ఎవరూ పట్టించుకోలేదు. 1934లో హిక్స్, అలెన్ అదే సంగతి మళ్ళీ చెప్పాక అది ప్రపంచమంతటా పాఠమైంది. ఆ రెండు దెబ్బలు ఏమిటంటే, ప్రియమైన సరుకు వదిలి చవకదానికి మళ్ళడం ఒకటి, అసలు పర్సే చిన్నదైపోవడం రెండోది. మొదటిది ప్రత్యామ్నాయ ప్రభావం, రెండోది ఆదాయ ప్రభావం.

మా సత్వావాళ్ళకు పర్సు ఒకటే గాని డబ్బు రెండు రకాలు. సంపాదన దిర్హమ్‌లలో, బాధ్యతలు రూపాయల్లో. ఒకప్పుడు ఈ తిప్పలు లేవు. 1960ల మొదట్లో దుబాయి బజారులో నడిచింది రూపాయే. 1959లో భారత రిజర్వు బ్యాంకు గల్ఫ్ దేశాల కోసమే ప్రత్యేకంగా నోట్లు అచ్చువేసింది. గల్ఫ్ రూపాయి అనేవారు. విలువ మన రూపాయితో సమానం. అక్కడ సంపాదించిన పది రూపాయలు ఇక్కడా పది రూపాయలే. 1966 జూన్ 6న మన ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించింది. అప్పటిదాకా 4.76 రూపాయలకు దొరికిన డాలరు 7.50 అయింది. గల్ఫ్ రూపాయి దాచుకున్నవాళ్ళ పర్సు ఒక్కరోజులో చిన్నదైపోయింది. వాళ్ళ ఇష్టాలు మారలేదు, జీతాలు మారలేదు, గీత మాత్రం లోపలికి జరిగింది. దుబాయి ఆ ఏడాదే రూపాయికి స్వస్తి చెప్పి ఖతార్‌తో కలిసి రియాల్ తెచ్చుకుంది. 1973లో దిర్హం వచ్చింది. 1997 నుంచి డాలరుకు 3.6725 దిర్హమ్‌లు అని కట్టేశారు. అంటే డాలరుతో రూపాయి ఎటు ఊగితే, దిర్హంతో కూడా అటే ఊగుతుంది. ఎక్కడో వాషింగ్టన్‌లో, ముంబైలో జరిగే సంగతులకు సత్వాలో కోడికూర తగ్గుతుంది లేదా పెరుగుతుంది.

ఇక ఊళ్ళో సంగతి. గల్ఫ్‌కు మనవాళ్ళు పెద్దసంఖ్యలో వెళ్ళడం 1970ల్లో చమురు ధరలు పెరిగాక మొదలైంది. 1983లో ఎన్.టి.రామారావు గారి ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం తెచ్చింది. కార్డుకు ఇన్ని కిలోలని పరిమితి. ఎకనామిక్స్‌లో దీని బొమ్మ భలే ఉంటుంది. బడ్జెట్ గీత తిన్నగా ఉండదు, మధ్యలో విరుగుతుంది. పరిమితి దాకా కిలో 2 రూపాయలు, అది దాటిన మొదటి కిలో నుంచి బజారు ధర. ఇంటాయన దుబాయిలో, ఇల్లాలు ఊళ్ళో కార్డు మీద. ఆమె గీత విరిగే చోటు ఎక్కడో ఆమెకు బాగా తెలుసు. నెలలో ఏ తారీఖుకు కోటా బియ్యం అయిపోతాయో, ఆ తారీఖులోపు డ్రాఫ్టు రావాలి. 1996లో ఆ ధర పెరిగింది, 2008లో మళ్ళీ 2 రూపాయలకు వచ్చింది. మధ్య సంవత్సరాల్లో ఆ తేడాను భరించింది చాలా ఇళ్ళలో గల్ఫ్ నుంచి వచ్చే డబ్బే.

ఇప్పుడు నా పుస్తకాల్లో అన్నిటికన్నా ఎక్కువ కొట్టివేతలున్న కాలానికి వస్తాను. 2007, 2008 సంవత్సరాలు.

2002 ప్రాంతంలో ఒక దిర్హంకు 13 రూపాయలు వచ్చేవి. 2007 చివరికి 11 కూడా రాలేదు. మన రూపాయి బలపడిందని ఇండియాలో పత్రికలు సంబరపడుతున్న రోజులవి. సత్వాలో ఎక్స్ఛేంజి ముందు మాత్రం మొహాలు మాడిపోయేవి. ఉదాహరణకి ఒక లెక్క వేద్దాం. జీతం 1,500 దిర్హమ్‌లు అనుకోండి. ఇంటికి నెలకు 9,000 రూపాయలు వెళ్ళి తీరాలి. ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు, దాని వడ్డీ, పిల్లల ఫీజు. 13 రూపాయల రేటులో 9,000కు 692 దిర్హమ్‌లు చాలు, చేతిలో 808 మిగులుతాయి. 10.70 రేటులో అదే 9,000కు 841 కావాలి, మిగిలేది 659. బెడ్‌కు 350 తీసేస్తే 458 ఉండాల్సిన చోట 309. అదే సమయంలో బెడ్ అద్దె ఒక వంద పెరిగిందనుకోండి, 209. జీతం చీటీ మీద అంకె మారలేదు. తిండికీ, ఫోను కార్డుకూ, సబ్బుకూ, జబ్బుకూ మిగిలే డబ్బు సగం కన్నా తగ్గిపోయింది.

పుస్తకం ప్రకారం ఏం జరగాలి? ఇంటికి రూపాయలు పంపడం ప్రియమైంది కాబట్టి కొంత తక్కువ పంపి, ఇక్కడ కొంత ఎక్కువ ఖర్చు పెట్టుకోవాలి. అది ప్రత్యామ్నాయ ప్రభావం. మా విల్లాలో అది దాదాపు కనబడలేదు. ఎందుకంటే అప్పులవాడికి, స్కూలుకు రూపాయల్లో కట్టాలి, వాళ్ళు మారకం రేటు చూసి తగ్గించరు. పడిన దెబ్బంతా ఇక్కడి తిండి మీద, పడక మీద పడింది. 2007 అక్టోబరులో జెబెల్ అలీ దగ్గర వేలమంది నిర్మాణ కార్మికులు సమ్మెకు దిగారు. డాలరు పడిపోయి ఇంటికి చేరే డబ్బు తగ్గిపోయిందన్నది వాళ్ళ మొరల్లో ఒకటి. బడ్జెట్ గీత లోపలికి జరిగితే ఎలా ఉంటుందో అప్పుడు లోకానికంతటికీ తెలిసింది.

అద్దెల సంగతి మరీ విచిత్రం. దుబాయి ప్రభుత్వం 2005లో అద్దె పెంపును 15 శాతానికి, 2007కు 7 శాతానికి, 2008కి 5 శాతానికి కట్టడి చేసింది. కానీ ఆ రక్షణ అద్దె పత్రం ఉన్నవాడికి. బెడ్ స్పేస్‌వాడికి పత్రం ఎక్కడిది? ఇల్లు ఒకరి పేరు మీద, గది ఇంకొకరి చేతిలో, మంచం మూడోవాడి దగ్గర. పైగా 2008లో మునిసిపాలిటీ ఒక విల్లాకు ఒకే కుటుంబం అనే నియమం అమలుకు పూనుకుంది. చవక పడకలు బజారులోంచి మాయమవడం మొదలైంది. అదే ఏడాది అక్టోబరులో సత్వా పాత ఇళ్ళ స్థానంలో జుమేరా గార్డెన్ సిటీ అనే 350 బిలియన్ దిర్హమ్‌ల ప్రాజెక్టును ప్రకటించారు. చాలా ఇళ్ళకు ఖాళీ నోటీసులు వచ్చాయి, కొన్ని వీధులు నేలమట్టమయ్యాయి. ఇంతలో ప్రపంచ ఆర్థిక సంక్షోభం వచ్చి ఆ పెద్ద ప్రణాళిక ఆగిపోయింది, ఖాళీ స్థలాలు మిగిలాయి. తర్వాతి సంవత్సరాల్లో అక్కడ మామూలు ఎత్తు అపార్ట్‌మెంట్లు లేచాయి.

కొన్ని వస్తువులను ముక్కలు చేసి కొనలేమని ఎకనామిక్స్ పుస్తకం చెబుతుంది, మంచం లాగా. సత్వావాళ్ళు మంచాన్ని కూడా ముక్కలు చేశారు. రాత్రి డ్యూటీవాడు పగలు, పగటి డ్యూటీవాడు రాత్రి, ఒకే పరుపు మీద.

మూడో దెబ్బ బియ్యం. మన ప్రభుత్వం 2007 అక్టోబరులో ఆంక్షలు మొదలుపెట్టి, 2008 ఏప్రిల్ నాటికి బాస్మతి కాని బియ్యం ఎగుమతిని పూర్తిగా ఆపేసింది. అంతర్జాతీయ బజారులో థాయి బియ్యం టన్ను వెయ్యి డాలర్ల దాకా వెళ్ళింది. సోనా మసూరి దొరకడమే కష్టమైంది. పెద్ద సూపర్ మార్కెట్లతో ప్రభుత్వం ఒప్పందాలు చేసుకుని కొన్ని సరుకుల ధరలు పెరగకుండా చూసింది. కానీ అక్కడ నగదు కావాలి. మూలమీది గ్రోసరీలో ధర ఎక్కువైనా ఖాతా రాస్తాడు. నెలాఖరున జేబులో ఏమీ లేనివాడికి చవక దుకాణం కన్నా అప్పిచ్చే దుకాణమే దగ్గర.

అప్పుడు మా మెస్‌లో మామూలు రోజులకు ఏది చవకగా దొరికితే ఆ బియ్యం, శుక్రవారం సెలవు కాబట్టి ఆ ఒక్కపూట సోనా మసూరి అని తీర్మానం చేసుకున్నాం. మాంసం తగ్గింది. చిత్రమేమిటంటే, మాంసం తగ్గిన నెలల్లో మనిషికి అయ్యే బియ్యం కొద్దిగా పెరిగింది. ధర పెరిగితే వాడకం కూడా పెరిగే సరుకును గిఫెన్ వస్తువంటారు. అదే 2008లో జెన్సెన్, మిల్లర్ అనే ఇద్దరు పరిశోధకులు చైనాలోని హునాన్ రాష్ట్రంలో పేద కుటుంబాలకు బియ్యం చవక చేస్తే వాళ్ళు బియ్యం తగ్గించి ఇతర వంటకాలు పెంచారని చూపించారు. మా పుస్తకం అంతటి సాక్ష్యం కాదు. అద్దె, మారకం, కోడి ధర, అన్నీ ఒక్కసారే మారాయి కాబట్టి ఏది దేనివల్లో విడదీయలేం. కానీ కూర తగ్గినవాడు అన్నం ఎక్కువ కలుపుకోవడం మాత్రం కళ్ళారా చూశాను.

ఈ లెక్కలన్నీ ఇప్పుడెందుకంటారా? ఈ మధ్య ఒక అబ్బాయి టెక్సాస్ నుంచి ఫోన్ చేశాడు. వాళ్ళ నాన్న మా విల్లాలోవాడే, ఇప్పుడు లేడు. ఆ అబ్బాయి మాటల్లో నాన్న మీద పాత కోపం తెలుస్తూనే ఉంది. "అంకుల్, 2008 దసరాకు మాకు బట్టలకు కూడా డబ్బులు పంపలేదండీ. అక్కడ ఆయన దుబాయిలో ఉన్నాడు, ఇక్కడ మేము పాత చొక్కాలతో తిరిగాం. ఆయనకు మేమంటే అంతే" అన్నాడు.

నేను ఆ రాత్రి పుస్తకం తీశాను. 2008 జనవరి నుంచి వాళ్ళ నాన్న కోడికూర వాటా మానుకుని కూరగాయల వాటాకు మారాడు. మార్చిలో కిటికీ ఉన్న గది వదిలి, వంటింటి పక్క నడవలో పడకకు మారాడు, అది చవక. ఇంగ్లీషు రాదు కాబట్టి ఆయన ఎక్స్ఛేంజి ఫారాలు నేనే నింపేవాణ్ణి. ఆయన పంపిన మొత్తం రూపాయల్లో ఏ నెలా తగ్గలేదు. తగ్గనివ్వకుండా ఉంచడానికి ప్రతినెలా కొన్ని దిర్హమ్‌లు ఎక్కువ పెట్టాడు. ఆ రూపాయలు ఊళ్ళో అంతకుముందులా సరిపోలేదు, అక్కడా ధరలు పెరిగాయి. అందుకే దసరాకు బట్టలు రాలేదు.

ఇదంతా చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ పేజీలు ఫోటో తీసి పంపుతారా?" అని మాత్రం అడిగాడు. పంపాను.

గీత అవతలివైపు జరిగిన కాలం కూడా చెప్పాలి, లేకపోతే కథ సగమే అవుతుంది. 2013 ఆగస్టులో రూపాయి పడిపోయి, దిర్హంకు 18 రూపాయలు దాటింది. ఎక్స్ఛేంజిల ముందు బారులు తీరారు. అప్పటికి నేను ఇండియా వచ్చేశాను, సత్వాలోని పాత మిత్రులు ఫోన్లలో చెప్పేవారు. అప్పు తీరిపోయినవాడు ఇంటికి అన్నే రూపాయలు పంపి, మిగిలిన దిర్హమ్‌లతో మంచి గదికి మారాడు. ఇల్లు కట్టుకుంటున్నవాడు ఉన్నదంతా ఊడ్చి పంపాడు. రేటు ఒకటే, గీత జరిగిన తీరు ఒకటే, చేసిన పనులు రెండు రకాలు. పర్సు బిగిసినప్పుడు అందరూ ఒకేలా కనబడతారు. కాస్త వదులైనప్పుడే ఎవరి ఇష్టం ఏమిటో బయటపడుతుంది.

అమెరికాలో ఉన్న శ్రోతలకు ఈ అనుభవం 2023లో కొద్దిగా రుచి తెలిసింది. ఆ ఏడాది జులై 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని మన ప్రభుత్వం మళ్ళీ ఆపగానే, ఇండియన్ స్టోర్ల ముందు సోనా మసూరి బస్తాల కోసం తొక్కిసలాట. మనిషికి ఒక్క బస్తా అని బోర్డులు. అదే నెలలో ఎమిరేట్స్ కూడా బియ్యం తిరుగు ఎగుమతిని నాలుగు నెలలు ఆపింది. 2024 సెప్టెంబరులో నిషేధం తొలగింది. అమెరికాలో మనకు బస్తా ధర బరువే కాదు, అయినా పరుగెత్తాం. అది పర్సు చేయించిన పరుగు కాదు, నాలుక చేయించింది.

ఆ నాలుకకు కూడా చరిత్ర ఉంది. బాపట్ల పరిశోధనా కేంద్రం నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి, అదే బి.పి.టి. 5204, సన్నబియ్యాన్ని మామూలు ఇళ్ళకు అలవాటు చేసింది. రేషన్‌లో దొడ్డుబియ్యం ఇస్తే చాలామంది వాటిని అమ్మేసి, ఇంకొంత డబ్బు కలిపి సన్నబియ్యం కొనుక్కునేవారు. ఉచితంగా వచ్చినదాన్ని అమ్ముకుంటున్నారని పెద్దలు తిట్టిపోశారు. 1938లో శామ్యూల్సన్ అనే అమెరికా ఆర్థికవేత్త చెప్పిన మాట ఒకటుంది. మనిషి ఇష్టాన్ని అతని నోటి మాటలో కాక, అందుబాటులో ఉన్నవాటిలో ఏది ఎంచుకున్నాడో అందులో చూడమన్నాడు. ఆ కుటుంబాలు చేసింది అదే. 2025 ఉగాదికి తెలంగాణ ప్రభుత్వం హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టి, రేషన్ మీదే మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇవ్వసాగింది. చౌకధరల దుకాణం ముందు నలభై ఏళ్ళుగా నిలబడ్డవాళ్ళకు కూడా ఒక రుచి ఉంటుందని సర్కారు ఒప్పుకున్నట్టే.

శామ్యూల్సన్ మాటలో ఒక షరతు ఉంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. అందుబాటులో ఉన్నవాటిలో అన్నాడు. గీత ఎక్కడుందో తెలియకుండా ఎంపికను బట్టి మనసును చదవకూడదు. గల్ఫ్ నుంచి వచ్చినవాణ్ణి మన ఊళ్ళలో రెండే మాటలంటారు. ఖర్చు పెడితే జల్సారాయుడు, పెట్టకపోతే పిసినారి. ఆ రెండు మాటలూ మనసు గురించి చెబుతాయి. చాలాసార్లు మనం చూస్తున్నది మాత్రం మారకం రేటును, అద్దెను, వడ్డీని.

మీ ఇళ్ళల్లో గల్ఫ్‌లో గానీ, సింగపూర్‌లో గానీ, ముంబైలో గానీ పనిచేసి వచ్చిన పెద్దవాళ్ళుంటే, వాళ్ళ పాత రసీదులు, ఉత్తరాలు, లెక్కల చీటీలు పారేయకండి. వాటిమీద తారీఖు చూడండి. ఆ ఏడాది దిర్హంకు ఎన్ని రూపాయలొచ్చాయో పక్కన రాసుకోండి. వాళ్ళు ఏం పంపారన్నది మీకు ఇదివరకే తెలుసు. దానికోసం వాళ్ళు ఏం వదులుకున్నారో ఆ రెండంకెలూ పక్కపక్కన పెడితే తెలుస్తుంది. పెద్దవాళ్ళు ఇంకా మీ దగ్గరే ఉంటే వాళ్ళనే అడగండి, ఆ రోజుల్లో ఏం తినాలనిపించేదని. అది ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు.